చిగుళ్లు మానే తీరులో వంశం వంతు ఎంత?

(నల్గొండలో పళ్ల ఆరోగ్యం మీద జరిగిన ఒక సభలో చిగుళ్ల వైద్యుడు చేసిన ప్రసంగానికి రాతప్రతి. సభికులు అడిగిన ప్రశ్నల్లో కొన్ని చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

నల్గొండలో పళ్ల గురించి మాట్లాడేవాడు నీళ్ల దగ్గర మొదలుపెట్టకపోతే ఎవరూ వినరు. కాబట్టి నేనూ అక్కడే మొదలుపెడతాను. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు నుంచి వచ్చేవాళ్లు కుర్చీలో కూర్చోగానే చెప్పే మొదటి మాట, "మా ఊరి నీళ్లే గంత సారూ". పళ్ల మీద పసుపు, గోధుమరంగు చారలుంటే ఆ మాట నిజమే. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే చిన్నతనంలో, దవడ లోపల పన్ను తయారవుతున్నప్పుడే ఎనామిల్ దెబ్బతింటుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చని మన దేశపు ప్రమాణం. నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970ల్లో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి తయారుచేసింది. దానికి పెట్టిన పేరు 'నల్గొండ టెక్నిక్'. ఎక్కడో ఆఫ్రికాలో నీళ్ల ఇంజనీర్లకు కూడా మన ఊరి పేరు అలా తెలిసింది. సంతోషించాలో బాధపడాలో తెలియని కీర్తి అది.

అయితే ఒక్క మాట. చిగురు వాచి, రక్తం కారి, లోపల ఎముక కరిగి పన్ను కదలడం వేరే జబ్బు. ఫ్లోరైడ్ మచ్చలున్న పళ్లు గట్టిగా నిలబడి ఉండొచ్చు. ఏ మచ్చా లేని తెల్లటి పళ్లు ముప్పై ఐదేళ్లకే ఊగుతూ ఉండొచ్చు. రెండింటినీ కలిపేసి నీళ్ల మీద వేసేస్తే రెండో జబ్బుకు వైద్యం అందదు.

నీళ్ల తర్వాత వినిపించే రెండో మాట ఇంకోటి ఉంది. "మా నాయనకు గూడ నలభై ఏండ్లకే పండ్లన్నీ ఊడినయి. మా వంశమే గంత." ఈ సాయంత్రం నేను మాట్లాడేది దాని గురించే. ఈ మాటను మా వైద్యులం చాలాకాలం పెద్దగా పట్టించుకోలేదు. బ్రష్ సరిగ్గా చేయడం చేతకాక తండ్రి మీద నెడుతున్నారని అనుకునేవాళ్లం. మాటలో నిజం ఉంది. తప్పంతా ఆ మాట తర్వాత జనం తీసుకునే నిర్ణయంలో ఉంది. "ఎట్లయినా పోయేటియే కదా, పైసలెందుకు ఖర్చు?" అని ఇంటికి వెళ్లిపోతారు. నిజానికి ఆ మాట అన్న మనిషే అందరికంటే ఎక్కువసార్లు మా దగ్గరికి రావాలి.

ముందు ఒక పాత పరిశోధన చెప్తాను. 1970లో శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే మగ కూలీలను కొందరిని పరిశీలించడం మొదలుపెట్టారు. మొత్తం 480 మంది. ఫలితాలు 1986లో అచ్చయ్యాయి. వాళ్లకు బ్రష్ అలవాటు లేదు, పళ్ల డాక్టర్ అంటే తెలియదు. అందరి నోళ్లలోనూ పాచి, గార ఒకే తీరుగా పేరుకుని ఉన్నాయి. ఒకే రకం పని, ఒకే రకం కూలి, ఒకే రకం తిండి. అలాంటప్పుడు అందరి చిగుళ్లూ ఒకేలా పాడవ్వాలి కదా? కాలేదు. 81 శాతం మందిలో జబ్బు మెల్లగా నడిచింది. 11 శాతం మందిలో చిగురు వాపు దాటి ముందుకే పోలేదు. మిగిలిన 8 శాతం మందిలో మాత్రం చాలా వేగంగా పోయింది. వాళ్లకు ఇరవై ఏళ్లకే పళ్లు ఊడటం మొదలై, నలభై ఐదు వచ్చేసరికి నోట్లో ఏమీ మిగల్లేదు.

ఈ తేడా అంతా జన్యువులదేనని ఆ పరిశోధన రుజువు చేయలేదు. నోట్లోని సూక్ష్మజీవులు కూడా మనిషికి మనిషికి మారతాయి. కానీ ఒక విషయం మాత్రం తేలిపోయింది. పాచి లేకుండా ఈ జబ్బు రాదు. పాచి ఉన్నంత మాత్రాన అందరికీ ఒకే స్థాయిలోనూ రాదు.

దాని తర్వాత కవల పిల్లల మీద చూశారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల జన్యువులు దాదాపు ఒకటే. వేరు వేరు అండాల నుంచి పుట్టినవాళ్లు మామూలు అన్నదమ్ముల లెక్క. అమెరికాలో 117 కవల జంటలను పోల్చి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, ఎముక దాకా వెళ్లే చిగుళ్ల జబ్బులో మనిషికి మనిషికి కనిపించే తేడాలో సుమారు సగం జన్యువుల వల్లేనని తేలింది. ఇక్కడ జాగ్రత్తగా వినాలి. సగం అంటే మీ ముప్పై రెండు పళ్లలో పదహారు మీ తాత చేతిలో ఉన్నాయని కాదు. (నవ్వులు) ఒక జనసమూహంలో కనిపించే హెచ్చుతగ్గులకు సంబంధించిన లెక్క అది, ఒక్క మనిషికి వర్తించదు. ఇంకో సంగతి. మామూలు చిగురు వాపు, అంటే తోముకునేటప్పుడు రక్తం రావడం, దాంట్లో వంశం పాత్ర ఆ కవలల్లో కనిపించలేదు. అది చాలావరకు మీ బ్రష్ చేతి పని. దాన్ని మాత్రం నాన్న మీద వేయకండి.

సరే, అసలు ఈ జన్యువు చేసేదేమిటి? గడ్డివాముకు నిప్పంటుకుందనుకోండి. ఊరంతా బిందెలు, బకెట్లు పట్టుకుని వచ్చి నీళ్లు పోస్తారు. మంట ఆరగానే ఆపేస్తే సరిపోయింది. ఆపకుండా పోస్తూనే ఉంటే పక్కనున్న మట్టిగోడ నానిపోయి కూలుతుంది. చిగుళ్ల జబ్బులో జరిగేది ఇదే. ఎముకను సూక్ష్మజీవులు నేరుగా తినేయవు. వాటి మీదికి మన ఒళ్లే పంపిన రక్షణ కణాలు, రసాయనాలు అతిగా పనిచేసి, పన్నును పట్టుకుని ఉండే పీచును తెంపి ఎముకను కరిగిస్తాయి. ఆ రసాయనాల్లో ముఖ్యమైనది ఇంటర్‌ల్యూకిన్-1. ఎముకను కరిగించే కణాలను ఉసిగొల్పేది అదే. జన్యువంటే ఒంటికి రాసిపెట్టిన సూచన లాంటిది. దాన్ని ఎంత తయారుచేయాలో చెప్పే జన్యువులో ఒకట్రెండు చోట్ల అక్షరం తేడా ఉంటే, అదే పాచికి ఒకరి ఒంట్లో తక్కువగా, ఇంకొకరి ఒంట్లో ఎక్కువగా తయారవుతుంది. ఆ జన్యువులో రెండు చోట్ల అక్షరం మారినవాళ్లలో, పొగతాగే అలవాటు లేకపోయినా, జబ్బు తీవ్రంగా ఉందని 1997లో ఒక అమెరికన్ బృందం ప్రకటించింది. అప్పటి నుంచి మా రంగంలో ఈ చర్చ నడుస్తూనే ఉంది.

ఇప్పుడు చికిత్స సంగతి. చాలామందికి మొదటి చికిత్స స్కేలింగ్, రూట్ ప్లానింగ్. పన్ను మీద, చిగురు కింద వేరు మీద పట్టిన గారను తీసేసి శుభ్రం చేస్తాం. "కడిగిస్తే పండ్లు లూజయితయి" అని మన దగ్గర గట్టి నమ్మకం. గార తీశాక సందులు కనబడతాయి, కొన్నాళ్లు జివ్వుమంటుంది, నిజమే. కానీ ఆ పన్ను ముందే కదులుతోంది, గార దాన్ని సిమెంట్ పెట్టినట్టు పట్టి ఉంచింది, అంతే. శుభ్రం చేశాక వాపు తగ్గుతుంది. చిగురు బిగుసుకుని పంటి వేరును మళ్లీ అతుక్కుంటుంది. ఈ అతుకు ఎక్కువగా పైచర్మం లాంటి పొరతో ఏర్పడుతుంది. పోయిన ఎముక చాలావరకు తిరిగి రాదు. కొన్ని లోతైన గుంతల్లో ఆపరేషన్ చేసి, పొర అడ్డుపెట్టి ఎముకను కొంత పెంచే ప్రయత్నం చేస్తాం. రెండు మూడు నెలల తర్వాత సన్నటి కొలపుల్లతో చిగురు పక్కన లోతు కొలుస్తాం. 3 మిల్లీమీటర్ల లోపుంటే మంచిది. అంతకంటే లోతుండి, తాకితే రక్తం వస్తుంటే పని ఇంకా ఉందన్నమాట.

ఒకే రోజు, ఒకే చేతితో, ఒకే పద్ధతిలో చికిత్స పొందిన ఇద్దరు మూడు నెలలకు వస్తారు. ఒకరి చిగుళ్లు గులాబీ రంగులో గట్టిపడి ఉంటాయి. ఇంకొకరికి లోతు సగమే తగ్గుతుంది. ఈ తేడాలో జన్యువుల వంతు ఎంత? జవాబు ఒక్క వాక్యంలో ఇవ్వలేను, ఎందుకంటే పరిశోధనలే ఒక్కమాట మీద లేవు. అది దాచి చెప్పడం నాకిష్టం లేదు.

1999లో ఒక అమెరికన్ అధ్యయనం వచ్చింది. చికిత్స తర్వాత క్రమం తప్పకుండా వస్తున్న 42 మందిని 14 ఏళ్ల పాటు చూశారు. ఇందాక చెప్పిన అక్షరాల తేడా ఉన్నవాళ్లలో పన్ను పోయే ముప్పు 2.7 రెట్లు. బాగా పొగతాగేవాళ్లలో 2.9 రెట్లు. రెండూ ఉన్నవాళ్లలో 7.7 రెట్లు. 2000లో ఇటలీ వాళ్లు ఎముక పెంచే ఆపరేషన్లు చేసినవాళ్లను చూశారు. మొదటి ఏడాది ఆ అక్షరాల తేడా ఉన్నవాళ్లూ, లేనివాళ్లూ ఒకేలా కోలుకున్నారు. నాలుగేళ్లు గడిచేసరికి, ఆ తేడా ఉన్నవాళ్లు ముందు వచ్చిన లాభంలో పెద్ద భాగం పోగొట్టుకున్నారు. నాకు ఇది చాలా ముఖ్యమనిపిస్తుంది. పుండు మానడం వేరు, మానింది నిలబడటం వేరు. జన్యువు దెబ్బ మొదటి నెలల్లో కాకుండా ఏళ్ల మీద కనబడుతుందని ఇది సూచిస్తోంది.

అయితే మరోవైపు కూడా చూడాలి. 1999లోనే జర్మనీ వాళ్లు మామూలు చికిత్స పొందినవాళ్లను రెండేళ్లు గమనించి, ఈ జన్యువు వల్ల ఏ తేడా లేదన్నారు. ఇలాంటివి ఇంకా వచ్చాయి. చాలా అధ్యయనాల్లో మనుషులు నలభై, యాభై మందికి మించి లేరు. పైగా ఈ జబ్బు వెనక ఒక్క జన్యువు లేదు. ఒక్కొక్కటి కొద్దికొద్దిగా తోసే జన్యువులు బోలెడు.

దేశం మారితే లెక్క కూడా మారుతుంది. ఆ ఇంటర్‌ల్యూకిన్ తేడా ఐరోపా సంతతి వాళ్లలో నూటికి ముప్పై మంది దాకా ఉంటుంది. చైనా సంతతికి చెందిన 300 మందిలో వెతికితే 2.3 శాతం మందిలోనే దొరికింది. మరి చైనా వాళ్లకు చిగుళ్ల జబ్బు రాదా? వస్తుంది. అంటే అమెరికాలో తయారైన జన్యు పరీక్ష కిట్ తెచ్చి మన మిర్యాలగూడ మనిషికి చేసి, "మీకు ముప్పు లేదు" అని కాగితం చేతిలో పెడితే దానికి విలువెంత? ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉమ్మి పరీక్షలు అమ్ముతున్నారు. నన్నడిగితే ఆ డబ్బుతో రెండుసార్లు స్కేలింగ్ చేయించుకోవచ్చు.

అమెరికాలోని మిషిగన్‌లో 2013లో ఒక పెద్ద లెక్క వేశారు. 5,117 మంది, 16 ఏళ్ల రికార్డులు. పొగ, షుగర్, ఈ జన్యువు, మూడింట్లో ఏ ఒక్కటీ లేనివాళ్లకు ఏడాదికి ఒకసారి శుభ్రం చేయించుకున్నా, రెండుసార్లు చేయించుకున్నా పళ్లు పోవడంలో తేడా లేదని, ఏదో ఒకటి ఉన్నవాళ్లకు రెండుసార్లు మేలని తేల్చారు. తర్వాత అదే డేటాను మళ్లీ పరిశీలించినవాళ్లు జన్యువుకు ఇచ్చిన ఆ స్థానాన్ని ప్రశ్నించారు. పొగ, షుగర్ స్థానాన్ని మాత్రం ఎవరూ కదపలేకపోయారు.

ఒకే మందుకు ఇద్దరి ఒళ్లు వేరుగా స్పందించడం మనకు కొత్తేం కాదు. ఫిట్స్‌కు ఫెనిటాయిన్ వాడేవాళ్లలో సుమారు సగం మందికి చిగుళ్లు పెరిగి పళ్లను కప్పేస్తాయి, మిగతా సగానికి ఏమీ కాదు. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్‌తో కూడా కొందరికే అలా జరుగుతుంది. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి ఒక ఎంజైము పుట్టుకతోనే లోపించి ఉంటుంది. ఆపరేషన్‌లో కండరాలు వదులు చేయడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ వాళ్ల ఒంట్లో తొందరగా విరగదు. అందుకే మత్తు డాక్టర్లు ముందే అడుగుతారు. పన్ను పీకడానికి మేమిచ్చే లిగ్నోకైన్ ఇంజక్షన్‌కు దీంతో సంబంధం లేదు, టెన్షన్ పడకండి.

ఒక్క జన్యువు చెడిపోతేనే మొత్తం నోరు కూలిపోయే జబ్బులు కూడా ఉన్నాయి. చాలా అరుదు, పది లక్షల మందిలో ఒకరి నుంచి నలుగురి దాకా. పాపియోన్-లెఫెవ్ర్ సిండ్రోమ్ అంటారు. 1924లో ఇద్దరు ఫ్రెంచ్ వైద్యులు మొదట వర్ణించారు. కెథెప్సిన్-సి అనే జన్యువులో లోపం వల్ల వస్తుందని 1999లో బయటపడింది. పిల్లల అరచేతులు, అరికాళ్లు మందంగా, పగుళ్లు పట్టి ఉంటాయి. పాలపళ్లు నాలుగైదేళ్లకే ఊడిపోతాయి. తర్వాత వచ్చినవి కూడా నిలబడవు. ప్రతి జన్యువుకూ తల్లి నుంచి ఒక నకలు, తండ్రి నుంచి ఒక నకలు వస్తాయి, రెండూ చెడ్డవైతేనే ఈ జబ్బు. తల్లిదండ్రులకు ఏ లక్షణమూ ఉండదు. ఒక్కో కాన్పుకు నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికం, దగ్గరి సంబంధం చేసుకున్న ఇళ్లలో ఒకే చెడ్డ నకలు ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి ఇలాంటివి వాళ్లలో ఎక్కువ. పెళ్లిళ్ల సంగతి నేను మాట్లాడను, మా ఇంట్లోనే నా మాట చెల్లదు. (నవ్వులు) కానీ చిన్న పిల్లకు కారణం లేకుండా పాలపళ్లు కదిలితే "కొత్తవి వస్తయిలే" అని ఊరుకోకండి. అరచేతులు కూడా చూడండి.

ఇక మన దగ్గరి అసలు సమస్యకు వద్దాం. పాలమూరు వైపు నుంచి పనులకు వలస వెళ్లొచ్చేవాళ్లలో గుట్కా, తంబాకు, బీడీ మామూలే. ఆకలిని మరిపిస్తుంది, నిద్ర ఆపుతుంది అంటారు. పొగాకు చిగురుకు వచ్చే రక్తాన్ని తగ్గిస్తుంది. అందుకే పొగతాగేవాళ్ల చిగుళ్లు రక్తం కారకుండా, పైకి బాగున్నట్టే కనబడి లోపల కుళ్లుతుంటాయి. చికిత్స తర్వాత మానడం కూడా నెమ్మది. షుగర్ అదుపులో లేకపోయినా అంతే. ఇది రెండువైపులా నడిచే దారి. షుగర్ ఉన్నవాళ్ల చిగుళ్లకు చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బిఎ1సి, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే రక్త పరీక్ష అంకె, సగటున 0.4 శాతం దాకా తగ్గుతుందని పరిశోధనలన్నీ కలిపి చూసినప్పుడు తేలింది. వంశాన్ని మార్చలేం. జేబులోని పొట్లాన్ని పారేయొచ్చు. 7.7 రెట్లు అన్న అంకెలో మన చేతిలో ఉన్న భాగం అదే.

నేను చేసే జన్యు పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చు లేదు. మూడు ప్రశ్నలు. అమ్మానాన్నల పళ్లు ఏ వయసులో పోయాయి? పుచ్చి పోయాయా, కదిలి పోయాయా? తోబుట్టువుల్లో ఎవరికైనా ఇలాగే ఉందా? రెండో ప్రశ్న దగ్గరే చాలామంది ఆగిపోతారు. పుచ్చిపోవడం వేరు, పుచ్చకుండా బాగున్న పన్ను ఊగి ఊగి రాలడం వేరు. నలభై లోపు, పుచ్చకుండా కదిలి ఊడిన పళ్లు ఇంట్లో ఇద్దరికి ఉంటే, ఆ ఇంట్లో ఇరవై దాటిన ప్రతి ఒక్కరినీ పిలిపిస్తాను. చికిత్స అయినవాళ్లను ఆరు నెలలకు కాకుండా మూడు నెలలకే రమ్మంటాను. జన్యువు గురించి మనకు ఇప్పటిదాకా తెలిసినదాన్ని వాడుకునే తీరు ఇంతే. మందు మారదు, గడువు మారుతుంది.

ఇక ప్రశ్నలు.

(వేపపుల్లతో తోముకుంటే సరిపోదా అని ఒకరు అడిగారు.)

వేపపుల్ల మంచిదే అన్నా. కానీ అది పళ్ల ముందు భాగం తోముతుంది, సందుల్లోకి పోదు. జబ్బు మొదలయ్యేది సందుల్లో. పుల్ల వాడండి, రాత్రి పడుకునే ముందు బ్రష్ కూడా వాడండి. ఇటుకపొడి, బొగ్గు మాత్రం వద్దు, ఎనామిల్ అరిగిపోతుంది.

(దేవరకొండ నుంచి వచ్చిన ఒకావిడ, తనకు చికిత్స చేయించినా ఏడాదికే మళ్లీ చీము వచ్చిందని, డాక్టర్ సరిగ్గా చేయలేదేమోనని అన్నారు.)

అయి ఉండొచ్చు, కాకపోయీ ఉండొచ్చమ్మా. చూడకుండా ఆ డాక్టర్ మీద మాట అనలేను. ఆ ఏడాదిలో మళ్లీ ఎప్పుడైనా చూపించుకున్నారా? లేదా? షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించారు? ముందు ఆ రక్త పరీక్ష చేయించండి. నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో డెంటల్ కాలేజీలున్నాయి, చిగుళ్ల విభాగంలో తక్కువ ఖర్చులో చూస్తారు. ఏడాది కిందటి ఎక్స్‌రే ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడితేనే ఎముక ఎంత వేగంగా పోతోందో తెలుస్తుంది.

(ఒక పెద్దాయన లేచి, తనకు పళ్లన్నీ ఎప్పుడో పోయి కట్టుడు పళ్లు పెట్టించుకున్నానని, ఇదంతా తనకెందుకని అడిగారు.)

పెద్దయ్యా, మీరెంత వయసులో పెట్టించుకున్నారు? నలభై రెండా? కదిలి ఊడినవేనా? మీకు కొడుకులు, బిడ్డలు ఎంతమంది? ముగ్గురిలో ఒక్కరైనా చూపించుకున్నారా? లేదు కదా. ఈ నెలలోనే ముగ్గురినీ పంపండి. మీరూ వెంట వెళ్లండి. మీ పళ్లు ఎప్పుడు, ఎట్లా పోయాయో వాళ్లకు తెలియదు. డాక్టర్ అడిగినప్పుడు చెప్పాల్సింది మీరే.